మంచివాడి చేతిలో తుపాకి

(అమెరికాలో పిల్లలున్న కుటుంబాల కోసం నెల్లూరులో జరిగిన సమావేశంలో, ఆర్మ్‌డ్ రిజర్వ్ విభాగంలో పనిచేసి విరమించిన ఒక పోలీసు అధికారి ప్రసంగ పాఠం)

సభకు నమస్కారం.

అధ్యక్షుల వారు నన్ను పరిచయం చేస్తూ తుపాకుల ఆనుపానులన్నీ తెలిసినవాడినన్నారు. ఆ మాట కొంతవరకు నిజమే గాని, సర్వీసులో నా పని చాలావరకు తుపాకులు పేల్చడం కాదు, వాటిని లెక్కపెట్టుకోవడం. పొద్దున ఆయుధాగారం నుంచి ఎన్ని బయటికి వెళ్లాయి, రాత్రికి ఎన్ని తిరిగి వచ్చాయి, ఏ నంబరు రైఫిల్ ఏ కానిస్టేబుల్ సంతకం మీద వెళ్లింది, తూటాలు ఎన్ని ఇచ్చాం, పేల్చిన తర్వాత ఖాళీ తొడుగులు ఎన్ని జమ అయ్యాయి. ఫైరింగ్ ప్రాక్టీసులో ఒక్క తొడుగు తగ్గినా చీకటి పడేదాకా గడ్డిలో వెతికించేవాళ్లం. మా కుర్రవాళ్లు లోపల తిట్టుకునేవారు. శిక్షణ ఇచ్చి, యూనిఫాం వేసి, జీతమిచ్చి, పైన అధికారులను పెట్టిన మనిషి చేతిలోని తుపాకికే ఇంత కాపలా కావాలని ప్రభుత్వం అనుకుంటుంది. అది ఆ మనిషి మీద అపనమ్మకం కాదు. తుపాకి స్వభావం తెలిసి పెట్టుకున్న కట్టడి.

మన ఊళ్లో మాగుంట లేఅవుట్ నుంచి వేదాయపాళెం దాకా ఏ వీధి చూసినా పిల్లలు అమెరికాలో ఉన్న ఇళ్లు నాలుగైదు కనబడతాయి. అక్కడ కాల్పులు జరిగాయని టీవీలో వచ్చిన రాత్రి ఆ ఇళ్లలో ఎవరికీ నిద్ర ఉండదు. పిల్లవాడు ఫోను ఎత్తేదాకా ప్రాణం కుదుటపడదు. మర్నాడు నాకు వచ్చే ఫోన్లలో ఒక ప్రశ్న తప్పకుండా ఉంటుంది: "సార్, అక్కడ అందరి దగ్గరా తుపాకులు ఉంటాయట కదా, మా అబ్బాయి కూడా ఒకటి కొనుక్కుంటే మంచిది కాదా?" ఈరోజు నన్ను పిలిచింది కూడా దాని గురించే అనుకుంటాను.

మంచిచెడ్డలు తర్వాత మాట్లాడుకుందాం. ముందు చట్టం చెబుతాను, ఎందుకంటే ఇది తెలియక మునిగిపోయే అవకాశం ఉంది. చదువు కోసం ఎఫ్-1 వీసా మీద, ఉద్యోగం కోసం హెచ్-1బీ వీసా మీద వెళ్లినవారు అమెరికాలో తుపాకి గాని తూటా గాని తమ దగ్గర ఉంచుకోవడం ఆ దేశపు ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. కొన్ని మినహాయింపులు ఉన్నాయి. వాటిలో ఎక్కువగా వాడుకునేది ఏదైనా రాష్ట్రం ఇచ్చిన వేట లైసెన్సు. గ్రీన్‌కార్డు వచ్చినవారి సంగతి వేరు, వారికి ఈ నిషేధం వర్తించదు. నిషేధం ఉన్నవారు పట్టుబడితే 15 ఏళ్ల దాకా జైలు పడవచ్చు. పైగా తుపాకి నేరం రుజువైతే దేశం నుంచి పంపించివేయడానికి అదొక్కటే చాలు. ఉంచుకోవడం అంటే కొనడమే కాదు. శనివారం స్నేహితులతో సరదాగా షూటింగ్ రేంజికి వెళ్లి అద్దె పిస్టల్ చేతపట్టినా చట్టం దృష్టిలో అది మీ దగ్గర ఉన్నట్టే. మన పిల్లలు అలా పట్టుకుని ఫొటో దిగి, దాన్ని అందరికీ కనబడేలా పెట్టుకోవడం నేను చూశాను. తమ మీద తామే సాక్ష్యం తయారు చేసుకోవడం అంటే ఇదే.

ఆ వేట లైసెన్సు దారి ఉంది కదా అంటారు కొందరు. 2024 నవంబరులో అట్లాంటాలో తెలంగాణ విద్యార్థి ఒకరు వేట కోసం కొత్తగా కొనుక్కున్న తుపాకిని శుభ్రం చేస్తుండగా అది పేలి, పుట్టినరోజు నాడే చనిపోయాడు. స్నేహితులు పక్క గదిలోనే ఉన్నారు. ఇంతకన్నా దాని గురించి మాట్లాడలేను.

ఇక అసలు ప్రశ్న. చట్టం ఒప్పుకుంటే, మామూలు మనుషుల దగ్గర తుపాకులు ఉండటం వల్ల కాల్పులు తగ్గుతాయా?

అమెరికాలో ఈ వాదనకు ఒక నినాదం ఉంది. 2012 డిసెంబరు 14న కనెటికట్ రాష్ట్రంలో శాండీ హుక్ అనే బడిలో 20 మంది చిన్నపిల్లలను, ఆరుగురు పెద్దలను ఒక యువకుడు కాల్చి చంపాడు. సరిగ్గా వారానికి, తుపాకి హక్కుల కోసం పోరాడే జాతీయ రైఫిల్ సంఘం నాయకుడు వేన్ లాపియర్ విలేకరుల ముందుకు వచ్చి, తుపాకి పట్టిన చెడ్డవాడిని ఆపగలిగేది తుపాకి పట్టిన మంచివాడు ఒక్కడే అన్నాడు. అంత దుఃఖంలో ఉన్న దేశంలో కూడా ఆ మాట చాలామందికి నచ్చింది. నచ్చడంలో వింత లేదు. తలుపు తట్టే దొంగకన్నా తలుపు లోపల ఉన్న మనం బలంగా ఉండాలని ఎవరికి ఉండదు? 1791 నుంచి వారి రాజ్యాంగంలో ఆయుధాల హక్కు ఉంది. 2008లో అక్కడి సుప్రీంకోర్టు అది వ్యక్తిగత హక్కని, 2022లో ఇంటి బయట తీసుకుని తిరగడానికి కూడా వర్తిస్తుందని చెప్పింది. ఇప్పుడు 29 రాష్ట్రాల్లో ఏ లైసెన్సూ లేకుండానే పెద్దవారు తుపాకి దాచుకుని తిరగవచ్చు.

ఈ వాదనను ఎగతాళి చేయడానికి నేను రాలేదు. అది నిజమైన సందర్భాలు ఉన్నాయి. 2022 జూలై 17న ఇండియానా రాష్ట్రంలోని గ్రీన్‌వుడ్‌లో ఒక మాల్‌లోకి రైఫిల్‌తో వచ్చినవాడు ముగ్గురిని చంపాడు. అక్కడే ఉన్న 22 ఏళ్ల యువకుడు తన పిస్టల్ తీసి, కాల్పులు మొదలైన 15 సెకన్లలో వాడిని పడగొట్టాడు. మధ్య దూరం సుమారు 40 గజాలు. పది తూటాలు పేల్చాడు, ఎనిమిది తగిలాయి. ఎన్నో ఏళ్లు రేంజిలో కాల్పుల సాధన చూసినవాడిని, చెబుతున్నాను: జనం పరుగులు తీస్తుండగా పిస్టల్‌తో ఆ దూరాన అలా కొట్టడం అసాధారణం. ఆ పిల్లవాడు మరెన్నో ప్రాణాలు కాపాడాడు. అందులో సందేహం లేదు.

ఇంకోటి. 2019 డిసెంబరు 29న టెక్సస్‌లో వైట్ సెటిల్‌మెంట్ అనే ఊరి చర్చిలో ప్రార్థన జరుగుతుండగా ఒకడు లేచి ఇద్దరిని కాల్చాడు. ఆరు సెకన్లలో 71 ఏళ్ల వృద్ధుడు ఒకే తూటాతో వాడిని పడగొట్టాడు. ఈ వీడియో చూసి మీలో చాలామంది చప్పట్లు కొట్టి ఉంటారు. కొంచెం ఆగి చూడండి. ఆ పెద్దమనిషి సామాన్య భక్తుడు కాదు. షూటింగ్ రేంజి నడుపుతూ తుపాకి కాల్చడం నేర్పే గురువు, ఒకప్పుడు అక్కడి పోలీసుల్లో రిజర్వ్ డెప్యూటీగా పనిచేసినవాడు. చర్చి భద్రతా బృందానికి ఆయనే పెద్ద. ఇక చనిపోయిన ఇద్దరిలో ఒకరు ఆ భద్రతా బృందం సభ్యుడే, తుపాకి తీయబోతుండగా తూటా తగిలింది. ఒకే గదిలో, ఒకే క్షణంలో, ఒకే పక్షాన ఉన్న ఇద్దరు సాయుధులు. ఒకరు గెలిచారు, ఒకరు పోయారు. ప్రచారంలో మొదటి మనిషే కనబడతాడు.

విడి సంఘటనలతో ఎంతసేపైనా వాదించుకోవచ్చు, కాబట్టి లెక్కలోకి వెళదాం. మొలగొలుకులు కొనేటప్పుడు గుప్పెడు తీసి గింజ కొరికి చూస్తాం కదా, ఈ అంకెలనూ అలాగే కొరికి చూడాలి. అమెరికా కేంద్ర దర్యాప్తు సంస్థ ఎఫ్‌బీఐ 2000 నుంచి 2013 దాకా జనం మధ్య కాల్పులకు తెగబడిన 160 సంఘటనలను పరిశీలించింది. వాటిలో ఐదింటిలో పోలీసులు కాని సాయుధులు ఎదురు కాల్పులు జరపడంతో దాడి ముగిసింది. ఆ ఐదింటిలోనూ నాలుగుచోట్ల ఎదిరించినవారు ఉద్యోగం మీద ఉన్న సెక్యూరిటీ గార్డులు. లైసెన్సు తుపాకి ఉన్న మామూలు పౌరుడు ఒకేచోట. మరి చేతిలో ఏ ఆయుధమూ లేనివారు పట్టుకుని కట్టడి చేసినవి ఎన్ని అనుకుంటున్నారు? ఇరవై ఒకటి.

ఆర్థికవేత్త జాన్ లాట్ ఈ రకం లెక్కలను ఒప్పుకోడు, సాయుధ పౌరులు ఆపిన ఘటనలను ఎఫ్‌బీఐ తగ్గించి చూపుతోందని వాదిస్తాడు. తుపాకి తీసుకుని తిరిగే హక్కు ఇచ్చిన రాష్ట్రాల్లో నేరాలు తగ్గాయని 1990లలో చెప్పింది కూడా ఆయనే. 2004లో జాతీయ పరిశోధన మండలి కమిటీ ఆ లెక్కలన్నీ మళ్లీ తిరగేసి, తగ్గాయని గాని పెరిగాయని గాని చెప్పడానికి ఆధారం చాలదని తేల్చింది. తర్వాత స్టాన్‌ఫర్డ్‌లో జాన్ డొనహ్యూ బృందం ఇంకా ఎక్కువ సంవత్సరాలు కలిపి చూసి, అలాంటి చట్టం వచ్చిన పదేళ్లకు హింసాత్మక నేరాలు 13 నుంచి 15 శాతం ఎక్కువగా ఉన్నాయని అంచనా వేసింది. పండితులు ఇంకా కొట్లాడుకుంటూనే ఉన్నారు. నాకు తెలిసిన విషయం మీదికి వస్తాను. అది తుపాకి పట్టిన మనిషికి ఆ కొన్ని సెకన్లలో జరిగేది.

రేంజిలో నిలబడిన అట్ట బొమ్మ కదలదు, తిరిగి కాల్చదు, దాని వెనుక మట్టి కట్ట తప్ప ఎవరూ ఉండరు. నిజమైన చోట గుండె గొంతులో కొట్టుకుంటుంది, వేళ్లు బిగుసుకుపోతాయి, చూపు ఇరుకైపోయి పక్కన ఎవరున్నారో కనబడదు, చెవులు మూసుకుపోతాయి. రెగ్యులర్‌గా సాధన చేసే పోలీసులకే ఇలా జరుగుతుంది. న్యూయార్క్ పోలీసుల మీద ర్యాండ్ అనే పరిశోధన సంస్థ 2008లో ఇచ్చిన నివేదిక ప్రకారం, ఎదురు కాల్పుల్లో వారు పేల్చిన 100 తూటాల్లో లక్ష్యానికి తగిలినవి 18. మిగతా 82 ఎక్కడికి వెళ్లాయి? 2012 ఆగస్టులో ఎంపైర్ స్టేట్ భవనం ముందు ఒక హంతకుడిని ఇద్దరు పోలీసులు 16 తూటాలతో కూల్చారు. దారిన పోయే తొమ్మిది మంది గాయపడ్డారు. తొమ్మిది మందికీ తగిలినవి పోలీసుల తూటాలో, వాటి తునకలో. ఉద్యోగమే అది అయినవారి సంగతి ఇలా ఉంటే, సంవత్సరానికి ఒకసారి రేంజికి వెళ్లే పెద్దమనిషి రద్దీ బజారులో కాల్చాడంటే ఎవరు బతుకుతారో ఎవరు పోతారో చెప్పలేం.

తూటా గురి ఒక చిక్కు. దానికన్నా పెద్ద చిక్కు మనిషి గుర్తు. మంచివాడికి నుదుట బొట్టు ఉండదు. 2011 జనవరి 8న ఆరిజోనాలోని టూసాన్‌లో పార్లమెంటు సభ్యురాలు గాబ్రియెల్ గిఫర్డ్స్ మీద కాల్పులు జరిగి ఆరుగురు చనిపోయినప్పుడు, పక్క దుకాణంలోంచి ఒక యువకుడు తన పిస్టల్ మీద చెయ్యి వేసుకుని పరుగెత్తుకొచ్చాడు. ఎదురుగా ఒకడు తుపాకి పట్టుకుని నిలబడి ఉన్నాడు. వీడే హంతకుడనుకున్నాడు. కాని అతను హంతకుడి చేతిలోంచి తుపాకి లాక్కున్నవాడు. ఆ యువకుడు కాల్చకుండా నిగ్రహించుకున్నాడు గనుక ఒక ప్రాణం నిలిచింది, తాను అదృష్టవంతుడినని తర్వాత తనే చెప్పాడు. ఇంతకీ హంతకుడిని పట్టి పడేసినవారు ఎవరు? తలకు తూటా రాసుకుపోయిన ఒక 74 ఏళ్ల విశ్రాంత కల్నల్, ఆయనకు తోడుగా మరికొందరు. కొత్త తూటాల మ్యాగజీన్ వేయకుండా లాగేసింది 61 ఏళ్ల ఒక స్త్రీ. వీరిలో ఎవరి చేతిలోనూ ఆయుధం లేదు.

కొలరాడోలోని ఆర్వాడాలో ఆ అదృష్టం లేకపోయింది. 2021 జూన్ 21న ఒకడు పోలీసు అధికారిని కాల్చి చంపాడు. ఒక పౌరుడు ధైర్యంగా ఎదురెళ్లి తన పిస్టల్‌తో ఆ హంతకుడిని పడగొట్టాడు. వాడి రైఫిల్‌ను చేతిలోకి తీసుకున్నాడు. అంతలో అక్కడికి వచ్చిన మరో పోలీసుకు కనబడిందేమిటి? కింద శవం, పక్కన రైఫిల్ పట్టుకున్న మనిషి. కాల్చేశాడు. కాపాడినవాడే పోయాడు. 2018 నవంబరులో అలబామాలోని హూవర్ మాల్‌లో లైసెన్సు తుపాకి ఉన్న 21 ఏళ్ల నల్లజాతి యువకుడిని పోలీసులు వెనక నుంచి కాల్చి చంపి, ఇతనే కాల్పులు జరిపాడని మొదట ప్రకటించి, మర్నాడు మాట మార్చుకున్నారు. అసలువాడు కొన్ని రోజుల తర్వాత మరో రాష్ట్రంలో దొరికాడు. అయ్యా, మన పిల్లల చర్మం రంగు ఏమిటో మనకు తెలుసు. వారి చేతిలో తుపాకి కనబడితే అక్కడి పోలీసు వీసా కాగితాలు అడిగి కాల్చడు.

మనవాళ్ల మీద జరిగిన దాడులే చూద్దాం. 2017 ఫిబ్రవరి 22న కాన్సస్‌లోని ఒలేతేలో తెలుగు ఇంజనీరును బార్‌లో కాల్చి చంపినప్పుడు మన రాష్ట్రాలు రెండూ కదిలిపోయాయి. అప్పటికి ఆ రాష్ట్రంలో లైసెన్సు లేకుండా తుపాకి తీసుకుని తిరిగే చట్టం వచ్చి ఏడాదిన్నర దాటింది. ఆ హంతకుడు ముందు తిట్టిపోసి, బయటికి పంపించేస్తే వెళ్లి తుపాకితో తిరిగి వచ్చాడు. వాడి వెంట పడినది చేతిలో ఏమీ లేని స్థానిక యువకుడు. బల్ల కింద దాక్కుని తూటాలు లెక్కపెట్టి, అయిపోయాయనుకుని లేచాడు. ఇంకా ఉన్నాయి. చేతిలోకి, ఛాతీలోకి తూటా దూసుకుపోయింది, బతికాడు. 2023 మే 6న టెక్సస్‌లోని ఆలెన్ మాల్‌లో ఎనిమిది మంది చనిపోయారు, వారిలో హైదరాబాదు అమ్మాయి ఒకరు. టెక్సస్‌లోనూ అప్పటికే లైసెన్సు అక్కరలేని చట్టం ఉంది. దాడిని ముగించినది వేరే పని మీద ఆ మాల్‌కు వచ్చి ఉన్న ఒక పోలీసు అధికారి.

నిరాయుధులు వెళ్లి తుపాకి గొట్టం పట్టుకోవాలని నేను చెప్పడం లేదు. ముంబైలో 2008 నవంబరు 26 రాత్రి తుకారాం ఓంబ్లే లాఠీ తప్ప ఏమీ లేకుండా కసబ్ రైఫిల్ పట్టుకుని వదలలేదు, తూటాలన్నీ తన ఒంట్లోకి దించుకున్నాడు. అందరూ ఓంబ్లేలు కాలేరు, కానక్కరలేదు. పారిపోవడానికి దారి ఉంటే పారిపో, లేకపోతే దాక్కో, రెండూ కుదరనప్పుడే చేతికందినదానితో ఎదిరించు. అమెరికా ప్రభుత్వం తన పౌరులకు చెప్పే వరస కూడా ఇదే. పిల్లలతో మాట్లాడేటప్పుడు ఈ వరసలోనే చెప్పండి.

ఇప్పటిదాకా ఆ కొన్ని సెకన్ల గురించి మాట్లాడాను. తుపాకి కొన్న మనిషి జీవితంలో ఆ సెకన్లు దాదాపుగా ఎప్పటికీ రావు. మిగతా కాలమంతా ఆ తుపాకి ఇంట్లో ఉంటుంది. నా దృష్టిలో అసలు లెక్క అక్కడ ఉంది.

2021లో అమెరికాలో తుపాకుల వల్ల 48,830 మంది చనిపోయారు. వారిలో 26,328 మంది తమను తామే కాల్చుకున్నవారు. సగానికి పైగా. టీవీలో మనం చూసే మాల్ కాల్పులు, బడి కాల్పులు ఈ మొత్తంలో చాలా చిన్న భాగం. చనిపోవాలనుకున్నవాడు ఎలాగైనా చనిపోతాడు కదా అంటారు. ఆ మాట తప్పని చూపిన చోటు ఒకటి ఉంది. ఇజ్రాయెల్ సైన్యంలో పడుచు సైనికులు వారాంతంలో రైఫిళ్లు ఇంటికి తీసుకెళ్లేవారు. 2006లో వాటిని శిబిరంలోనే వదిలి వెళ్లమన్నారు. వారిలో ఆత్మహత్యలు 40 శాతం తగ్గిపోయాయి, తగ్గింది ముఖ్యంగా వారాంతాల్లోనే. వారాంతంలో తప్పిన చావు సోమవారానికి వాయిదా పడలేదు. పరీక్ష తప్పి, ఉద్యోగం పోయి, అప్పు మిగిలి, పరాయి దేశంలో గదిలో ఒంటరిగా ఉన్న పిల్లవాడి పక్క సొరుగులో తుపాకి ఉండాలా వద్దా అని ఆలోచించేటప్పుడు బయటి దొంగను ఒక్కడినే తలుచుకోకండి.

ఇంట్లో ఇద్దరు ఉంటే? కాలిఫోర్నియాలో స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు 2022లో ప్రచురించిన అధ్యయనం తుపాకి కొన్నవారిని కాక, వారితో ఒకే ఇంట్లో ఉంటున్నవారిని పరిశీలించింది. తుపాకి లేని ఇళ్లవారితో పోలిస్తే వారు హత్యకు గురయ్యే ప్రమాదం రెండు రెట్లకు పైగా ఉంది. భర్తో భార్యో సహచరుడో కాల్చి చంపే ప్రమాదం ఏడు రెట్లు. అలా పోయినవారిలో అత్యధికులు స్త్రీలు. కూతురిని అమెరికా సంబంధానికి ఇచ్చేటప్పుడు జీతం అడుగుతాం, ఇల్లు అడుగుతాం. ఇంట్లో తుపాకి ఉందా అని అడిగిన తండ్రిని నేను ఇంతవరకు చూడలేదు.

మన దేశం సంగతి కొంచెం. ఇక్కడా తుపాకి హక్కు కావాలనేవారు ఉన్నారు, వారు ఎప్పుడూ గాంధీజీని సాక్షిగా తెస్తారు. జాతి మొత్తాన్ని నిరాయుధం చేసిన 1878 చట్టాన్ని ఆయన తెల్లవారి పాలనలోని నల్లటి మచ్చగా చెప్పిన మాట నిజం. అయితే ఆ మాట ఆయన 1918లో ఖేడా జిల్లాలో యుద్ధానికి సైనికులను చేర్చే కరపత్రంలో రాశాడు. ఆయుధం పట్టడం నేర్చుకోవాలంటే సైన్యంలో చేరండి అన్నది దాని కొనసాగింపు. ఆ సగం మాత్రం ఎవరూ చదవరు.

ఇప్పటి 1959 చట్టం ప్రకారం లైసెన్సు కలెక్టర్ ఇస్తారు, అంతకుముందు పోలీసు నివేదిక తప్పదు. 2019 సవరణ తర్వాత ఒకరికి రెండు తుపాకులకు మించి ఉండకూడదు. పెళ్లిళ్లలో గాల్లోకి కాలిస్తే రెండేళ్ల దాకా జైలు. ఉత్తరప్రదేశ్‌లో 2016 చివరికే సుమారు 12.77 లక్షల లైసెన్సులు ఉన్నాయి, దేశం మొత్తంలో ఉన్న సుమారు 33.69 లక్షల్లో మూడో వంతుకు పైన. లైసెన్సు తుపాకులు నేరాన్ని నివారించేటట్టయితే ఆ రాష్ట్రం ప్రశాంతతకు ఈపాటికి ఉదాహరణగా నిలవాలి. లైసెన్సుదారుల పక్షాన కూడా ఒక మాట చెప్పాలి: మన దేశంలో హత్యలకు వాడే తుపాకుల్లో అత్యధికం దొంగచాటున తయారైనవే, లైసెన్సువి కావు. నిజాయతీగా దరఖాస్తు పెట్టిన పెద్దమనిషిని నేరస్థుడిగా చూడనక్కరలేదు. కాని ఎన్నికలు వచ్చాయంటే ఆ పెద్దమనుషుల తుపాకులు చాలావరకు పోలీసు స్టేషన్‌లో డిపాజిట్ చేయిస్తాం. ఊరు వేడెక్కినప్పుడు మంచివారి చేతిలో కూడా తుపాకి ఉండకూడదని మన వ్యవస్థకు అనుభవం మీద తెలుసు. రక్షణకు అది నిజంగా అవసరమైతే, గొడవల కాలంలోనే కదా ఇంట్లో ఉండాలి?

1995 డిసెంబరు 1న పార్లమెంటు సభ్యుడు మాగుంట సుబ్బరామిరెడ్డిని నక్సలైట్లు ఒంగోలులో కాల్చి చంపిన రోజు ఈ రెండు జిల్లాల్లో ఎవరికీ మరపు రాదు. దాడి చేసేవాడికి ఉన్న పెద్ద బలం తుపాకి కాదు. సమయం, చోటు తనే ఎంచుకోవడం. అది అవతలివాడి దగ్గర ఉన్నంతకాలం ఇవతల ఎన్ని తుపాకులు ఉన్నా మొదటి తూటా వాడిదే.

ప్రజలకే తుపాకులు ఇచ్చి పోరాడమన్న ప్రయోగం కూడా మన పొరుగునే జరిగింది. ఛత్తీస్‌గఢ్‌లో సల్వాజుడుం పేరుతో, నెలకు 3,000 రూపాయల భృతితో, ఐదో తరగతి చదివిన ఆదివాసీ యువకులను ప్రత్యేక పోలీసు అధికారులుగా పెట్టి తుపాకులు ఇచ్చారు. ఊళ్లు తగలబడ్డాయి, వేల మంది సరిహద్దు దాటి మన వైపు అడవుల్లోకి వచ్చి గుడిసెలు వేసుకున్నారు. 2011 జూలైలో సుప్రీంకోర్టులో జస్టిస్ సుదర్శన్‌రెడ్డి, జస్టిస్ నిజ్జర్ అది రాజ్యాంగ విరుద్ధమని తీర్పు ఇచ్చారు. జమ్మూలో గ్రామ రక్షణ కమిటీల కథ కొంత వేరు. 2023 జనవరి 1న రాజౌరీ జిల్లా ఢాంగ్రీలో ఉగ్రవాదులు ఇళ్లలోకి చొరబడి కాలుస్తుంటే కమిటీ సభ్యుడు ఒకరు పాత .303 రైఫిల్‌తో ఎదురు కాల్చి వారిని తరిమాడు. సరిహద్దు కొండల్లో, పోలీసు చేరడానికి గంటలు పట్టే ఊళ్లో, పోలీసు రిజిస్టరులో ఉన్న రైఫిల్ అది. ఆ ఒక్క ఊరిని చూపించి ట్రంకు రోడ్డులో అందరికీ పిస్టల్ కావాలంటే నేను ఒప్పుకోను.

నివారణ అనేది తూటా పేలకముందు జరగాలి. 2020లో ఇండియానాపొలిస్‌లో ఒక తల్లి తన కొడుకు మనసు బాగాలేదని, తుపాకి కొన్నాడని తనే పోలీసులకు చెప్పింది. వారు వచ్చి ఆ తుపాకి తీసుకెళ్లారు. అక్కడితో ఆగకుండా, వాడు మళ్లీ తుపాకి కొనకుండా కోర్టు ఉత్తర్వు తెచ్చే చట్టం ఆ రాష్ట్రంలో ఉంది. ఆ విచారణ జరగనే లేదు. వాడు తర్వాత రెండు రైఫిళ్లు కొని, 2021 ఏప్రిల్‌లో ఫెడెక్స్ గోదాములో ఎనిమిది మందిని చంపాడు, నలుగురు మన సిక్కులు. ఎనిమిది మందినీ కాపాడగలిగిన పౌరురాలు ఒకరు ఉన్నారు, ఆమె తన పని ముందే చేసింది. ఆ తర్వాతి కాగితం కదల్లేదు.

షికాగోలో 2000 నుంచి ఇంకో ప్రయత్నం నడుస్తోంది. ఒకప్పుడు ముఠాల్లో తిరిగి బయటపడినవారినే పెట్టి, గొడవ ముదిరేలోపు మధ్యకు పంపుతారు. చేతిలో తుపాకి ఉండదు. ఆసుపత్రిలో గాయపడినవాడి మంచం దగ్గర కూర్చుని, ప్రతీకారానికి బయలుదేరే తమ్ముడిని ఆపుతారు. ఫలితాలు ఊరికొక రకంగా ఉన్నాయి, అన్నిచోట్లా గెలిచిందని చెప్పను. మనకు ఇది కొత్త కాదు. మన జిల్లా దూబగుంటలో ఆడవారు చీపుళ్లు పట్టుకుని సారా దుకాణాల మీదికి వెళ్లినప్పుడు వారు కోరింది తమను కొట్టే మగవాడిని తిరిగి కొట్టే హక్కు కాదు. వాడు తాగే సారా వేలంపాటను ఆపించారు. 1993లో ప్రభుత్వం సారా నిషేధించింది. ఎన్ని ఇళ్లలో ఎన్ని దెబ్బలు తప్పాయో ఏ రిజిస్టరులోనూ ఉండదు. ఉండదు గనుకే నివారణకు వీరుల పేర్లు దొరకవు, టీవీ చర్చలు జరగవు.

(ప్రసంగం తర్వాత సభలో నుంచి వచ్చిన రెండు ప్రశ్నలు)

రాత్రిళ్లు పెట్రోలు బంకు దుకాణంలో పని చేసే కుర్రవాడు దోపిడీ జరిగితే ఏం చేయాలి అని ఒక తండ్రి అడిగారు. డబ్బు ఇచ్చేయాలి అండి. గల్లాపెట్టెలో ఉన్నది యజమాని సొమ్ము, దానికి బీమా ఉంటుంది. చేతులు కనబడేలా పెట్టాలి, ఏ చెయ్యి ఎందుకు కదుపుతున్నాడో ముందే చెప్పి కదపాలి, ముఖంలోకి తేరిపార చూడకూడదు. యజమాని చేయవలసినవి కొన్ని ఉన్నాయి: కౌంటరులో తక్కువ నగదు, అద్దాల మీద పోస్టర్లు తీసేసి లోపలి మనిషి బయటికి కనబడేలా వెలుతురు, రాత్రి ఒక్కడిని కాకుండా ఇద్దరిని పెట్టడం, తూటా దూరని అద్దం. ఇవి చేయని దుకాణంలో పని మానేయమనండి. ఇంకోటి, చదువు వీసా మీద ఇలాంటి బయటి పని చేయడమే చాలావరకు నిబంధనలకు విరుద్ధం. దాని వల్ల బెదిరింపు వచ్చినా పోలీసులకు ఫోను చేయడానికి పిల్లలు భయపడతారు. ఆ భయం దొంగలకూ తెలుసు. ఇంటి నుంచి నెలకు ఇంకొంత పంపగలిగితే పంపండి, పిస్టల్ ధరకన్నా అది ఎక్కువ కాపాడుతుంది.

రెండోది ఉదయగిరి వైపు నుంచి వచ్చిన పెద్దాయన ప్రశ్న. ఆయన తండ్రిగారికి పంటను అడవి పందుల నుంచి కాపాడుకోవడానికి లైసెన్సు తుపాకి ఉండేదట. తండ్రిగారు పోయి చాలాకాలమైంది, తుపాకి అటక మీద ఉంది, ఏం చేయాలి అంటున్నారు. అయ్యా, లైసెన్సు ఉన్న మనిషి పోయాక అది మీ ఇంట్లో ఉండటం చట్టవిరుద్ధం. ఆలస్యం చేయకుండా దగ్గరి పోలీసు స్టేషన్‌లో గాని, లైసెన్సు ఉన్న ఆయుధ వ్యాపారి దగ్గర గాని జమ చేయాలి. మీరు మాత్రం దాన్ని దించకండి. గొట్టం మూతి నుంచి మందు కూరే రకం అంటున్నారు. పాతకాలంలో కూరిన మందు, రవ్వలు అలాగే లోపల ఉండిపోయినవి నేను చూశాను, ఎన్నేళ్లైనా అది పేలగలదు. స్టేషన్‌కు ఫోను చేసి తెలిసినవారిని పంపమనండి. లైసెన్సు పాత కాగితం దొరికితే చేతిలో పెట్టుకోండి. వారసుడిగా మీ పేరు మీద లైసెన్సుకు దరఖాస్తు పెట్టుకునే వీలు కూడా ఉంది, పెడితే అవసరం ఏమిటని అడుగుతారు. పంట కోసం ఇచ్చిన తుపాకి అది. ఆ పొలంలో ఇప్పుడు ప్లాట్లు వేశారని మీరే అంటున్నారు.